ఫ్యాన్ నోరు నొక్కకండి, వేడి ఎక్కడిదో చూడండి

సంపాదకులకు నమస్కారం.

ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తుతోందని ఎవరైనా అనగానే ఎదుటివాళ్లు చెప్పే మాటలు మూడే: కింద కూలింగ్ ప్యాడ్ పెట్టు, ఫార్మాట్ కొట్టించు, కాదంటే కొత్తది కొను. ఈ మూడూ అసలు ప్రశ్నను దాటేస్తాయి. ఆ వేడి ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది? అది తేలితే చాలాసార్లు ఒక్క సెట్టింగ్ మార్పుతోనో, గంటసేపు శుభ్రం చేయడంతోనో మోత తగ్గిపోతుంది. అది తేల్చుకోకుండా ఫ్యాన్ వేగాన్ని బలవంతంగా దించే సాఫ్ట్‌వేర్లు ఎక్కించి, మిషన్‌ను లోలోపల మాడ్చేవాళ్లూ ఉన్నారు. ల్యాప్‌టాప్‌లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ సంగతి వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడుగైనా వీలుంటే పూర్తిగా వేయండి. సగం తెలిసి స్క్రూలు విప్పితే మేలుకంటే కీడే ఎక్కువ.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. ప్రాసెసర్ లాగే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడి చిప్ మీద పూసిన థర్మల్ పేస్ట్ (వేడిని దాటించే లేపనం) గుండా ఒక రాగి పలకకు, అక్కణ్నుంచి హీట్ పైపుకు ఎక్కుతుంది. చూడ్డానికి అది నలగ్గొట్టిన రాగి కడ్డీలా ఉంటుంది గానీ లోపల బోలు. అందులో గాలి తీసేసి, కొద్దిపాటి ద్రవం, ఎక్కువగా నీళ్లే, పోసి మూసేస్తారు. చిప్ వైపు నీరు ఆవిరై చల్లగా ఉన్న చివరకు పరుగెడుతుంది. అక్కడ మళ్లీ నీరై, పైపు లోపలి గోడకు ఉండే వత్తిలాంటి పొరలోంచి వెనక్కి పాకుతుంది. ఆ చల్లని చివర పలుచని లోహపు రేకుల దొంతర ఉంటుంది. రేకుకూ రేకుకూ మధ్య సందు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఫ్యాన్ అడుగు నుంచి గాలి పీల్చి ఆ సందుల్లోంచి బయటికి తోస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డు తగిలినా, అదే వేడిని బయటికి పంపడానికి ఫ్యాన్ మరింత వేగంగా తిరగక తప్పదు.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే చాలా చిక్కులు వీడతాయి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది. అంటే నిమిషానికి 4,800 చుట్లు తిరిగే ఫ్యాన్ 2,400కు దిగితే గదిలో దాని ఉనికే దాదాపు తెలియదు. అంత దూరం పోకపోయినా, వేగం ఐదో వంతు తగ్గితే దగ్గర దగ్గర 5 డెసిబెల్స్ తగ్గుతాయి, అది ఎవరికైనా తెలిసే తేడా. కాబట్టి వేడిని పూర్తిగా పోగొట్టే పెద్ద మార్పు అక్కర్లేదు. మూడు నాలుగు చోట్ల కొంచెం కొంచెం తగ్గించినా చెవికి చాలా ఊరట.

ఏ పని మొదలుపెట్టే ముందైనా ఒకసారి చెవి పెట్టి వినండి. అన్ని మోతలూ ఒకటి కావు. గాలి హోరు ఒక్కటే ఉంటే ఫ్యాన్ బాగానే ఉంది, వేడి ఎక్కువగా ఉందని అర్థం. సన్నని ఈలలాంటి స్వరం అయితే రెక్కల లెక్కలోంచి పుడుతుంది: 35 రెక్కల ఫ్యాన్ నిమిషానికి 4,200 చుట్లు తిరిగితే సెకనుకు 70 చుట్లు, అంటే 2,450 హెర్ట్జ్. మనిషి చెవి బాగా పట్టేసే శ్రుతి సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, అందుకే చిన్న ఫ్యాన్ కూడా అంత చికాకు పెడుతుంది. టకటకమని క్రమంగా కొట్టుకుంటుంటే రెక్కకు వైరో, టేపు ముక్కో, దుమ్ము ఉండో తగులుతోంది. గరగర, కీచుమనే శబ్దం వచ్చి, ల్యాప్‌టాప్‌ను పక్కకు వంచగానే అది మారిందంటే బేరింగ్ అరిగిపోయింది. ఇక ఐదోది ఫ్యాన్‌ది కానే కాదు. పేజీని పైకీ కిందికీ జరుపుతుంటే దానికి తగ్గట్టు మారే సన్నని కీచుమోత మదర్‌బోర్డు మీది కాయిల్స్‌ది, అంటే తీగ చుట్టలది. దానికి ఎంత శుభ్రం చేసినా, ఎన్ని ఫ్యాన్లు మార్చినా ఫలితం ఉండదు. అది తెలియక మంచి ఫ్యాన్లను తీసి పారేయిస్తున్నారు.

వినడం అయ్యాక చూడాల్సింది టాస్క్ మేనేజర్. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, సీపీయూ అనే వరుస తలమీద నొక్కితే ఎక్కువ వాడేవి పైకి వస్తాయి. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, లినక్స్‌లో టాప్ కమాండ్ ఇదే పని చేస్తాయి. మీరేమీ చేయకుండా ఐదు నిమిషాలు వదిలేసినా వాడకం పది శాతం దిగువకు రాకపోతే ఎవరో లోపల పని చేస్తున్నారన్నమాట: అప్‌డేట్ దిగుతోందా, యాంటీవైరస్ వెతుకుతోందా, ఫైళ్ల సూచిక తయారవుతోందా అన్నది చూడాలి. ఇవి గంటా రెండు గంటల్లో వాటంతట అవే అయిపోతాయి, మధ్యలో చంపేస్తే మళ్లీ మొదటికొస్తాయి. కొత్త మిషన్ మొదటి రోజంతా మోగడానికి కారణం ఎక్కువగా ఇదే. బ్రౌజరే పైన కనిపిస్తే అందులోకి వెళ్లి షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. క్రోమ్, ఎడ్జ్ రెంటిలోనూ ఏ ట్యాబ్ ఎంత తింటోందో విడివిడిగా చూపే పట్టిక తెరుచుకుంటుంది. నలభై ట్యాబ్‌లలో తప్పు చేసేది సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి.

ఇదే సమయంలో ఉష్ణోగ్రత చూపించే ప్రోగ్రాం ఒకటి నడపండి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో చాలు. ఇందులో అంకె ఎంతుందన్నది అంత ముఖ్యం కాదు, అది ఎలా కదులుతోందన్నది చూడాలి. బరువైన పని మొదలైన సెకనులోనే 45 నుంచి 95 డిగ్రీలకు ఎగిరి, పని ఆపగానే అంతే వేగంగా కిందికి పడిపోతే చిప్‌కూ రాగి పలకకూ మధ్య పట్టు పోయినట్టు అనుమానించాలి, పేస్ట్ ఎండి ఉంటుంది. నిమిషాల తరబడి మెల్లగా ఎక్కుతూ, పని ఆపినా దిగడానికి చాలాసేపు పడుతుంటే రేకుల్లో గాలి ఆడడం లేదు, దుమ్ము నిండి ఉంటుంది. చేత్తో కూడా ఇది తెలుసుకోవచ్చు. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగేటప్పుడు గాలి వచ్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టండి. లోపల 95 డిగ్రీలు చూపిస్తున్నా బయటికి గట్టిగా వచ్చే గాలి గోరువెచ్చగానే ఉంటే వేడి రేకుల దాకా చేరడం లేదు. గాలి సెగలా ఉండి బలహీనంగా వస్తుంటే దారి పూడుకుపోయింది. గట్టిగానూ వేడిగానూ వస్తుంటే మాత్రం చల్లబరిచే ఏర్పాటు తన పని తాను చేస్తోంది, మీరు ప్రాసెసర్‌కు పెట్టిన పనే ఎక్కువ.

ఆ చివరి రకం వాళ్లకు స్క్రూడ్రైవర్ అవసరమే లేదు. టర్బోను, అంటే ప్రాసెసర్ కాసేపు తన మూల వేగం దాటి పరుగెత్తడాన్ని, అదుపు చేస్తే చాలు. ఉదాహరణకు 2017లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ7-8550యు చిప్‌ను తీసుకోండి. దానికి కంపెనీ చెప్పిన పవర్ లెక్క 15 వాట్లు, మూల వేగం 1.8 గిగాహెర్ట్జ్. టర్బోలో అది 4 గిగాహెర్ట్జ్ దాకా పోతుంది. వేగం పెరగాలంటే వోల్టేజ్ కూడా పెంచాలి, లాగే పవర్ ఆ వోల్టేజ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే వేడి రెట్టింపుతో ఆగదు, అంతకు చాలా మించిపోతుంది. ఈ పరుగు కొన్ని సెకన్లే ఉంటుంది, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తరచూ 28 సెకన్లు. కానీ ఫ్యాన్ ఉలిక్కిపడి లేవడానికి అవి చాలు. పేజీ తెరిచిన ప్రతిసారీ లేచి, అర నిమిషంలో పడుకుని, మళ్లీ లేచే ఆ ఒడిదుడుకులు ఒకే తీరుగా సాగే హోరుకంటే ఎక్కువ విసిగిస్తాయి.

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీలోకి వెళ్లి పవర్ మోడ్‌ను బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మార్చడం మొదటి మెట్టు. అది చాలకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి దించండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది గానీ, చాలా మిషన్లలో 100కు తక్కువ పెడితే టర్బో ఆగిపోతుంది. అసలు ఫలితం అక్కడిదే. ఉత్తరాలు రాయడం, లెక్కల పట్టికలు, వీడియో చూడడం లాంటి పనులకు పెద్ద తేడా తెలియదు. బరువైన వెబ్ పేజీలు కాస్త నిదానంగా తెరుచుకుంటాయి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. కొన్ని కొత్త మిషన్లలో ఈ వరుసే కనిపించదు. అప్పుడు పవర్ మోడ్, కంపెనీ ఇచ్చే యాప్ దిక్కు. మ్యాక్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌లోని లో పవర్ మోడ్ ఇలాంటి పనే చేస్తుంది.

కంపెనీ యాప్‌ల సంగతి ఎవరూ పట్టించుకోరు, కానీ ఫ్యాన్ ఏ వేడికి ఎంత తిరగాలో నిర్ణయించే చిన్న కంట్రోలర్ వాటి మాట వింటుంది. డెల్ యాప్‌లో క్వైట్ అనే థర్మల్ మోడ్, అసుస్ మిషన్లలో విస్పర్ మోడ్ ఇందుకే ఉన్నాయి. చాలా లెనోవో మిషన్లలో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే మోడ్ మారుతుంది, తెలియక చెయ్యి తగిలి పర్ఫార్మెన్స్‌లోకి వెళ్లిపోయిన మిషన్ నెలలపాటు మోగుతూనే ఉంటుంది. కొన్ని హెచ్‌పీ మిషన్ల బయోస్‌లో (విండోస్ కంటే ముందు లేచే మూల ప్రోగ్రాంలో) ఫ్యాన్ ఆల్వేస్ ఆన్ అనే వరుస ఉంటుంది, అది ఎనేబుల్‌లో ఉంటే ఏ పనీ లేకపోయినా ఫ్యాన్ ఆగదు.

వీడియో చూసేటప్పుడే మోగుతుంటే ఇంకో కారణం వెతకాలి. ఏవీ1 అనే పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే ప్రత్యేక భాగం 2020కి ముందు వచ్చిన ల్యాప్‌టాప్ చిప్‌లలో లేదు. అప్పుడా పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. టాస్క్ మేనేజర్ పర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కింద వీడియో డీకోడ్ గీత నేలకు అంటుకుని ఉండి, సీపీయూ మాత్రం సగం పైన నడుస్తుంటే ఇదే జరుగుతోంది. వీడియో నాణ్యత ఒక మెట్టు దించండి, బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ఇలాంటి పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆటలు ఆడేవాళ్లు ఫ్రేమ్ రేటును స్క్రీన్‌కు తగ్గట్టు 60కో 120కో కట్టేయాలి. హద్దు లేకపోతే కదలని మెనూ కోసం కూడా గ్రాఫిక్స్ చిప్ సెకనుకు వందల బొమ్మలు గీస్తూ కూర్చుంటుంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న మిషన్లలో బయటి మానిటర్ తగిలించగానే మోత మొదలైతే, ఆ హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా పెద్ద చిప్‌కు కలిసి ఉందేమో చూడాలి. అలా ఉంటే మానిటర్ ఉన్నంతసేపూ ఆ చిప్ నిద్రపోదు. టైప్-సీ పోర్టు చిన్న చిప్‌కు కలిసి ఉంటే మానిటర్‌ను దానికి మార్చితే సరిపోతుంది.

పెట్టే చోటు గురించి తక్కువ మాటలు చాలు. పరుపు, దిండు, ఒడి మీది దుప్పటి అడుగున గాలి పీల్చే రంధ్రాలను మూసేస్తాయి. గట్టి బల్ల మీద పెట్టి, వెనక అంచు రెండు మూడు సెంటీమీటర్లు లేపండి, రెండు మందపాటి సీసా మూతలైనా చాలు. గదిలో వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలా ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది, కాబట్టి ఎండాకాలం మోతకు కొంతవరకు మిషన్‌ది తప్పు లేదు. కూలింగ్ ప్యాడ్ అడుగున రంధ్రాలున్న మిషన్‌కే ఉపయోగం, అదీ ప్యాడ్ ఫ్యాన్ ఆ రంధ్రాలకు ఎదురుగా వచ్చినప్పుడే. లేకపోతే ఒక మోతకు ఇంకో మోత తోడవుతుంది. సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ లోపలే ఫ్యాన్ తిరుగుతుంటే అది స్లీప్‌లోంచి తనంతట తాను లేచిందని అర్థం. ప్రయాణానికి ముందు హైబర్నేట్ చేయండి, లేదా పూర్తిగా ఆపేయండి.

ఇక దుమ్ము. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. బయటి నుంచి టార్చి వేసి చూస్తే రేకులు తళతళ మెరుస్తూ కనిపిస్తాయి, శుభ్రంగానే ఉందనుకుంటారు. దుమ్ము పట్టేది వాటి లోపలి ముఖాన, ఫ్యాన్‌కు ఎదురుగా. ఫ్యాన్ ఊడదీసి అక్కడ చూస్తే బట్టల నూగు, వెంట్రుకలు, సన్నని ధూళి కలిసి అల్లుకుపోయి, ఉన్నిబట్ట ముక్కలా రేకుల సందులన్నిటినీ ఒకే పట్టీగా కప్పేసి ఉంటుంది. గోటితో అంచు లేపితే పొడిగా రాలదు, చివరిదాకా ఒకే చారగా లేచి వస్తుంది. బయటి సందులోంచి గాలి కొడితే ఆ పట్టీ వెనక్కి ఫ్యాన్ గూట్లో పడుతుంది. రెండు రోజులు మోత తగ్గినట్టుంటుంది, తర్వాత ఫ్యాన్ దాన్ని మళ్లీ రేకులకే అంటిస్తుంది, లేదా రెక్కల్లో ఇరుక్కుని టకటక మొదలవుతుంది. విప్పి తీయడమే సరైన పద్ధతి.

మిషన్ వారంటీలో ఉంటే ముందు ఆ షరతులు చదవండి. తర్వాత మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ వెతకండి. లెనోవో, డెల్, హెచ్‌పీ తమ చాలా మోడళ్లకు వీటిని ఉచితంగానే పెడతాయి. బ్యాటరీని పాతిక శాతం లోపుకు వాడేసి, ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేయండి. స్లీప్ పనికిరాదు. స్క్రూలకు ఎక్కువగా పీహెచ్0 ఫిలిప్స్ సరిపోతుంది, కొన్నిటికి టీ5 టార్క్స్, మ్యాక్‌బుక్‌లకు పీ5 పెంటలోబ్ కావాలి. సరిపడని డ్రైవర్‌తో తిప్పితే స్క్రూ తల అరిగిపోయి పని అక్కడే ఆగుతుంది. ఒక అట్టముక్క మీద అడుగు మూత బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. వాటి పొడవులు వేరు. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అది పైకి పొడుచుకొచ్చి కీబోర్డు పక్క భాగాన్ని చీలుస్తుంది. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉండొచ్చు. అన్నీ తీశాక మూత రాకపోతే బలం వాడకండి, మరచిపోయిన స్క్రూ ఎక్కడుందో వెతకండి. పలుచని ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంబడి క్లిప్పులు ఒక్కొక్కటిగా విడదీయాలి.

మూత తెరవగానే చూడాల్సింది బ్యాటరీ. అది ఉబ్బి ఉంటే, లేదా విప్పకముందే టచ్‌ప్యాడ్ పైకి లేచి కనిపిస్తే, అక్కడితో ఆపేసి తెలిసినవాళ్లకు అప్పగించండి. పొడుచుకుపోతే నిప్పంటుకుంటుంది. బాగుంటే అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ప్లాస్టిక్ పనిముట్టుతోనే. తర్వాత ఫ్యాన్ కనెక్టర్ తీయాలి. వైర్లు పట్టుకుని గుంజితే బోర్డు మీది సాకెట్టే ఊడి వస్తుంది, కాబట్టి కనెక్టర్ ప్లాస్టిక్ అంచులను పట్టి కదపండి. ఫ్యాన్‌ను రెండు నుంచి నాలుగు స్క్రూలు పట్టి ఉంచుతాయి. రేకులకూ ఫ్యాన్ గూటికీ మధ్య ఒక నల్లటి టేపు ఉంటుంది, దాన్ని చింపకుండా మెల్లగా లేపి, పెట్టేటప్పుడు మళ్లీ అంటించాలి. అది లేకపోతే గాలి రేకుల్లోకి పోకుండా ఆ సందులోంచి లోపలికే తన్నేస్తుంది, శుభ్రం చేశాక కూడా వేడి తగ్గలేదనే ఫిర్యాదుకు తరచూ ఇదే మూలం.

దుమ్ము పట్టీని పట్టకారుతో తీసేసి, మిగిలినది మెత్తని కుంచెతో దులపండి. డబ్బా గాలి వాడితే నిటారుగా పట్టుకుని, ఓ జానెడు దూరం నుంచి చిన్న చిన్న విసురుల్లో కొట్టండి. డబ్బాను వంచితే లోపలి ద్రవమే చిమ్ముతుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. ఆపకపోతే అది తన హద్దు దాటిన వేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. బోర్డుకు తగిలించి ఉన్నప్పుడైతే ఎదురు వోల్టేజ్ పుట్టి బోర్డుకూ ప్రమాదమే. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, దాని గొట్టం దగ్గర స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. అన్నీ బిగించాక బ్యాటరీ కనెక్టర్ చివర్లో పెట్టండి. ఇలా తీసిపెట్టాక కొన్ని మిషన్లు ఛార్జర్ తగిలిస్తేగానీ లేవవు, కంగారు పడొద్దు. దుమ్మూ పెంపుడు జంతువులూ ఉన్న ఇంట్లో ఆరు నెలలకోసారి, మిగతాచోట్ల ఏడాదికోసారి ఈ పని చేస్తే చాలు.

పేస్ట్ మార్చడం వేరే స్థాయి పని. పైన చెప్పినట్టు ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగిరి పడుతుంటేనే దాని జోలికి వెళ్లండి, దుమ్ము తీసిన ప్రతిసారీ అక్కర్లేదు. హీట్ సింక్ (రాగి పలక, హీట్ పైపు, రేకులు కలిసిన భాగం) స్క్రూల పక్కన సాధారణంగా 1, 2, 3, 4 అని అంకెలు చెక్కి ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్నదానికి, బిగించేటప్పుడు చిన్నదాని నుంచి పెద్దదానికి, ఒక్కోదాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ రావాలి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే పలక ఓరగా ఒరిగి చిప్ మూల పగులుతుంది. ల్యాప్‌టాప్ చిప్ మీద రక్షణ మూత ఉండదు, అది గాజులాంటి సిలికాన్. పాత పేస్ట్‌ను 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని బట్టతో తుడవండి. కొత్తది చిప్ నాలుగు మూలలూ కప్పేలా పలుచగా పరచండి. మరీ పలుచని, జారుడు పేస్ట్‌లు ల్యాప్‌టాప్‌లో నిలవవు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెం అంచులకు జరిగిపోయి, కొన్ని నెలల్లో మధ్య భాగం ఖాళీ అవుతుంది. చిక్కటి పేస్ట్ ఎంచుకోండి. లేదా హనీవెల్ పీటీఎం7950 లాంటి పొర వాడండి, అది 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్‌కు అతుక్కుంటుంది. మా మటుకు ఈ పొరకే ఓటు.

పక్కనున్న మెమరీ చిప్‌ల మీది మెత్తని ప్యాడ్‌లు చినిగితే అదే మందం ఉన్నవే వేయాలి. ఒక మిల్లీమీటరు చోట ఒకటిన్నర మిల్లీమీటరు వేస్తే మొత్తం పలక పైకి లేచి ప్రాసెసర్‌కు తగలనే తగలదు. లిక్విడ్ మెటల్ జోలికి అసలు పోవద్దు. అందులో ఉండే గాలియం కరెంటును పారనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. కొన్ని గేమింగ్ మిషన్లు ఫ్యాక్టరీ నుంచే దానితో వస్తాయి, వాటి హీట్ సింక్ ఇంట్లో విప్పకూడదు.

బేరింగ్ అరిగితే ఫ్యాన్ మార్చడమే దారి. ఒక చుక్క సన్నని మిషన్ ఆయిల్ వేస్తే కొన్ని వారాలు నోరు మూసుకుంటుంది, విడిభాగం వచ్చేదాకా నెట్టుకురావడానికి అది పనికొస్తుందంతే. కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటి చూసి తేవద్దు. ఫ్యాన్ మీది పార్ట్ నంబరు, 5 వోల్టులా 12 వోల్టులా, ఆంపియర్లు, మందం, కనెక్టర్ పిన్నులు అన్నీ సరిపోవాలి. సాధారణంగా నాలుగు వైర్లుంటాయి: కరెంటుకు రెండు, వేగం తెలపడానికి ఒకటి, వేగం అదుపు చేయడానికి ఒకటి. చివరిది కలవకపోతే ఫ్యాన్ తరచూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. రెండు ఫ్యాన్లున్న మిషన్లలో కుడిదీ ఎడమదీ ఒకటి కావు.

ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పే అండర్‌వోల్టింగ్ గురించి కూడా ఒక మాట. చిప్‌కు ఇచ్చే వోల్టేజ్ కొద్దిగా తగ్గిస్తే వేగం పోకుండానే వేడి తగ్గుతుంది, పద్ధతి మంచిదే. అయితే 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయోస్ అప్‌డేట్ ద్వారా ఆ దారి మూసేశారు. దానికోసం పాత బయోస్‌కు వెనక్కి వెళ్లడం మాత్రం వద్దు. ఫ్యాన్‌ను బలవంతంగా ఆపే ప్రోగ్రాంలదీ అదే సంగతి. చిప్ తనను తాను కాపాడుకుంటుంది, చాలా ఇంటెల్ చిప్‌లు 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి. కానీ పక్కనున్న ఎస్ఎస్‌డీకి, బ్యాటరీకి ఆ ఓర్పు లేదు. ఎక్కువకాలం వేడిలో ఉన్న బ్యాటరీ ముందుగా ముసలిదైపోతుంది.

సంపాదకులకు ఒక విన్నపం. మీ సాంకేతిక పేజీలో కొత్త ల్యాప్‌టాప్‌ల పరిచయాలు వేసేటప్పుడు ర్యామ్, స్క్రీన్, బరువుతోపాటు శబ్దం గురించీ రాయించండి. దీన్ని ఎలా కొలవాలో ఐఎస్ఓ 7779 అనే ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. అంత పరికరాలు లేకపోయినా ఒకే గదిలో, ఒకే ఫోన్‌తో, కూర్చున్న మనిషి చెవి దూరం నుంచి, ఊరకే ఉన్నప్పుడు ఒకసారి, పది నిమిషాలు పూర్తి పని పెట్టాక ఒకసారి కొలిస్తే మిషన్‌కూ మిషన్‌కూ తేడా తెలిసిపోతుంది. అడుగు మూత మామూలు స్క్రూలతో వస్తుందా, ఫ్యాన్ విడిగా ఊడుతుందా, లేక అది తీయాలంటే హీట్ సింక్ మొత్తం లేపాలా అన్నదీ రాయండి. హీట్ సింక్‌కే అతికించిన ఫ్యాన్ ఉన్న మిషన్‌లో దుమ్ము తీయాలంటే ప్రతిసారీ పేస్ట్ కూడా మార్చాల్సిందే, కొనేవాళ్లకు ఆ సంగతి ముందే తెలియాలి. 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ నుంచి ఆ వరుసలో ఫ్యాన్ లేని మిషన్లు వస్తున్నాయి. రాత ప‌ని, చదువు మాత్రమే ఉన్నవాళ్లకు అలాంటివి సరిపోతాయని, గంటల తరబడి వీడియోలు కూర్చేవాళ్లు వాడితే అవి వేడెక్కి నెమ్మదిస్తాయని కూడా అదే పరిచయంలో రెండు వాక్యాల్లో చెప్పవచ్చు.

ఇట్లు,
ల్యాప్‌టాప్ మరమ్మతు పనిలో ఉన్న ఇద్దరు పాఠకులు